చింతతోపు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. తోపులోని గబ్బిలాల్ని కాపాడుకోవడానికే మన సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కాబట్టి, ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సిన రోహిణి కార్తె సంగతికే నేరుగా వస్తాను.

మన నెల్లూరు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! సముద్రపు గాలి తిరిగితే సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలే తోలితే చెట్టు కింద కూడా నిలవలేం. అలాంటి రోజున తోపులోని పెద్ద గబ్బిలాలు ముందు రెక్కలతో విసురుకుంటాయి. రెక్కల పొర నిండా రక్తనాళాలే, ఒంట్లో వేడి అక్కణ్ణుంచి పోతుంది. గాలి ఒంటికన్నా వేడెక్కాక ఆ విసురు పనిచేయదు. అప్పుడిక రొప్పుతూ, రెక్కల్నీ రొమ్మునీ నాకి ఉమ్మితో తడుపుకుంటాయి, నీడ ఉన్న కింది కొమ్మలకి దిగుతాయి. చలికాలంలో దుప్పటిలా చుట్టుకునేది కూడా ఆ రెక్కల్నే. 42 డిగ్రీలు దాటితే మాత్రం ఇవేవీ చాలవు. 2014 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక్కరోజు ఎండకే వీటి దాయాదులు 45 వేలకు పైగా చచ్చిపోయాయి.

చెరువు అడుగంటడంతో కట్ట కింది గుంటకి ట్యాంకర్లతో నీళ్లు తోలించాం. నీళ్లు తాగడానికి గబ్బిలాలు ఎగురుతూనే నీళ్లకి పొట్ట ఆనిస్తాయి, అందుకని తొట్టెలు పెడితే లాభం లేదు. ఒక గబ్బిలం రెండుసార్లు వచ్చి వెనక్కి తిరిగింది, మూడోసారి పొట్ట ఆనించింది. కొమ్మకి వేలాడాక, బొచ్చు నుంచి కారే నీళ్లని ఒక్క చుక్క పోనీయకుండా జుర్రుకుంది. చూసినవాళ్లం చప్పట్లు కొట్టబోయి ఆగాం.

బోరు నీళ్లిచ్చిన రైతుకి, ట్రాక్టర్ డ్రైవరుకి, దీపావళికి తోపు పక్కన టపాసులు కాల్చని వీధివాళ్లకి, మజ్జిగ పంపిన అమ్మలక్కలకి పేరుపేరునా కృతజ్ఞతలు.

వాట్సాప్‌లో 'మేమున్నాం' అన్నవాళ్లంతా మధ్యాహ్నం కాపలాకి వచ్చుంటే తోపులో నిలబడే చోటుండేది కాదు. వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వీడియోల కోసం పళ్లేలు మోగించి గబ్బిలాల్ని లేపే కుర్రాళ్లని ఆపడానికే ఆ కాపలా. ఎండలో ఎగిరితే వాటి ఒళ్లు ఇంకా కాగిపోతుంది. చెరువు పూడిక తీయమని అధికారులకి ఇచ్చిన అర్జీకి జవాబు లేదు. ఫోన్ చేస్తే 'గబ్బిలాల కోసమా?' అని నవ్వారు. 2022 వన్యప్రాణి సంరక్షణ చట్ట సవరణతో ఈ గబ్బిలం రక్షిత జంతువుల రెండో షెడ్యూలులోకి వచ్చిన సంగతి ఆ సార్లకి ఎవరు చెప్పాలి?

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ట్యాంకర్ బాకీ కొంచెం ఉంది, అంతే.

కిందపడ్డ గబ్బిలాన్ని ఉత్త చేతులతో ముట్టుకోవద్దని పిల్లలకి మళ్లీ చెప్పండి. వచ్చే వేసవి కాపలా జాబితా ఈరోజు టిఫిన్లకి ముందే రాస్తాం.

మీ కార్యదర్శి