వానలు తగ్గేదాకా రెజిన్ ఆర్డర్లు ఆలస్యమవుతాయి

రెజిన్‌తో (పోస్తే గట్టిపడే పారదర్శక జిగురు ద్రవం) చేసే కోస్టర్లు (గ్లాసు కింద పెట్టే బిళ్లలు), కీచైన్లు చెప్పి ఎదురుచూస్తున్నవారికి: పది రోజుల్లో ఇచ్చే పని ఇప్పుడు ఇరవై రోజులు పడుతోంది. ఆగలేనివాళ్లకు అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.

ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు గాలి నిండా తేమే. మేం వాడే ఎపాక్సీ రెజిన్ గట్టిపడేలోపు, అందులో కలిపే హార్డెనర్‌కు (గట్టిపరిచే ద్రవానికి) ఆ తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే పైన తెల్లని మసకగా జిడ్డు పొర కడుతుంది. పోయిన నెల పంపిన కోస్టర్లలో కొన్నింటికి అదే జరిగింది, తప్పు మాదే. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడవండి, పోతుంది. తుడిచినా వేలికి అంటుకుంటుంటే అది తేమ కాదు, కలపడంలో తేడా. అది ఎన్నాళ్లున్నా గట్టిపడదు. వెనక్కి పంపండి, కొత్తది చేసిస్తాం. మేం వాడే రకానికి 100 గ్రాముల రెజిన్‌కు 50 గ్రాముల హార్డెనర్. ఇకమీదట ప్రతిసారీ కాటా మీద తూచే పోస్తాం, కంటి అంచనా ఉండదు.

మైపాడు, కొత్తపట్నం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలు మీరే ఇస్తుంటారు. వాటిని మూడు రోజులు మంచినీళ్లలో, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, బాగా ఆరబెట్టాలి. ఎండ లేకపోతే ఆలస్యమయ్యేది ఇక్కడే. గవ్వ లోపల గాలి ఉండిపోతుంది, నేరుగా అచ్చులో పెడితే బుడగలు వస్తూనే ఉంటాయి. అందుకే ముందు లోపల రెజిన్ నింపి, పైన కుంచెతో పల్చగా పూసి, ఆరాకే పోత పోస్తాం. సరుగుడు కాయలకైతే రెండు పూతలు. పోత కూడా ఒక్కోసారి సెంటీమీటరు మందం మించదు. ఒకేసారి మందంగా పోస్తే లోపల వేడెక్కి పగుళ్లిస్తుంది, పసుపెక్కుతుంది.

పూల సంగతి. తేమ పీల్చే సిలికా జెల్ గుళికల్లో వారం ఆరబెట్టినా మల్లె గోధుమరంగుకు తిరుగుతుంది, ఎర్ర గులాబీ నల్లబడినట్టే ఉంటుంది. బంతి రెక్కలు రంగు నిలుపుకుంటాయి. పెళ్లి దండ ఇచ్చేముందు ఈ మాట తెలిసుండాలి. మల్లెపూలు ఇకపై తీసుకోం.

పగడపు ముక్కలు, సముద్రపు గుర్రాలు తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అవి రక్షిత జీవులు. లోపల ప్రాణమున్న గవ్వ కనిపిస్తే నీళ్లలోకే వదిలేయండి.

కోస్టరు మీద పొగలు కక్కే టీ గ్లాసు పెట్టకండి, మెత్తబడి గుర్తు పడుతుంది. సంక్రాంతికి కావాలంటే డిసెంబరు 15 లోపు చెప్పండి.