ఎర్ర లైనుకి పైనున్నది చదివించినవాళ్ళకు

మా సర్వర్ మీద కంట్రోల్ ప్యానెల్ (వెబ్‌సైట్లు, మెయిల్ ఒకేచోట నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కింది, లాగిన్ పేజీ తెరుచుకుంది, సైట్లు నడుస్తున్నాయి. దీనికోసం మీరు మీ పనులు పక్కనపెట్టి కూర్చున్నారని మాకు తెలుసు. "థాంక్సండీ" అని ఒక్క మాటతో సరిపెడితే మీరు చెప్పినదంతా మా దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఎవరికి దేనికి రుణపడ్డామో కారణాలతో సహా రాస్తున్నాం. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

ముందుగా, లాగ్ (ఇన్‌స్టాలర్ అడుగడుగునా రాసుకునే రికార్డు) మొత్తం పంపమని పట్టుబట్టిన పెద్దాయనకు. ఇన్‌స్టాలర్ ఆగిపోగానే అందరి కళ్ళూ చివరి ఎర్ర లైను మీదే పడతాయి. అక్కడ ఉండేది "డేటాబేస్ సర్వీస్ మొదలవలేదు" అన్న ఒక్క ముక్క. దాన్ని పట్టుకుని వెతికితే పాస్‌వర్డ్ మార్చమని, ఫోల్డర్ పర్మిషన్లు సరిచెయ్యమని బోలెడు సలహాలు దొరుకుతాయి, ఒక్కటీ పనిచెయ్యదు. ఆయన అడిగినవి రెండే: లాగ్‌లో మొట్టమొదటి తప్పు ఎక్కడ పడింది, సరిగ్గా ఆ నిమిషానికి కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఏమంది? కెర్నల్ మెసేజ్‌లు చూపే డీమెస్గ్ కమాండ్‌కి పెద్ద టీ (-T) ఆప్షన్ ఇస్తే మెసేజ్‌ల పక్కన మామూలు గడియారం టైమ్ కనిపిస్తుంది. "ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అన్న లైను, దాని పక్కనే డేటాబేస్ పేరు దొరికాయి. అంటే డేటాబేస్ మొదలవకపోవడం కాదు, మొదలయ్యాక మెమరీ చాలక కెర్నలే దాన్ని చంపేసింది.

మెమరీ తినేసింది క్లామ్‌ఏవీ అనే వైరస్ స్కానర్. వైరస్‌లను గుర్తుపట్టే సంతకాలన్నీ ర్యామ్‌లోకి ఎక్కించుకోవడానికి దానికి ఒక్కదానికే 1 జీబీ పైన కావాలి. సంతకాలు అప్‌డేట్ అయినప్పుడు పాతవి వదలకుండానే కొత్తవి ఎక్కిస్తుంది, కాసేపు దాదాపు రెట్టింపు పడుతుంది. దాని సర్వీస్ అయిన క్లామ్‌డీ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో కాంకరెంట్‌డేటాబేస్‌రీలోడ్ అన్న ఆప్షన్‌ని "నో" చేస్తే ఆ రెట్టింపు తప్పుతుంది, బదులుగా రీలోడ్ అవుతున్నంతసేపు స్కానింగ్ ఆగుతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ మీద అసలు క్లామ్‌ఏవీ వద్దనే మా మాట కూడా. హెస్టియా లాంటి ప్యానెళ్ళలో ఇన్‌స్టాల్ కమాండ్‌లోనే దాన్ని వద్దనవచ్చు.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు) విషయంలోనూ ఆయనే కాపాడారు. ఫాలొకేట్ కమాండ్‌తో స్వాప్ ఫైల్ చేస్తే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉన్న కొన్ని డిస్కుల మీద దాన్ని ఆన్ చేసే స్వాప్‌ఆన్ "ఫైల్‌లో ఖాళీలున్నాయి" అని తిప్పికొడుతుంది. డీడీ కమాండ్‌తో 1 ఎంబీ బ్లాకులు 2048 రాసి, అన్నీ సున్నాలతో నింపి, పర్మిషన్ 600 పెట్టి, దాన్ని స్వాప్‌గా సిద్ధంచేసే ఎంకేస్వాప్, ఆపైన స్వాప్‌ఆన్. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏవి తగిలించాలో చెప్పే ఫైల్) లైను వెయ్యడం మరిచిపోతే రీబూట్ తర్వాత స్వాప్ మళ్ళీ ఆన్ కాదు. స్వాప్ ఉన్నంత మాత్రాన ర్యామ్ ఉన్నట్టు కాదు, ఇన్‌స్టాల్ గట్టెక్కడానికి అదొక ఆసరా మాత్రమే.

హోస్ట్‌నేమ్ (సర్వర్ పేరు) సంగతి విడమరిచి చెప్పిన అక్కకు రెండో నమస్కారం. ప్యానెళ్ళకు కావలసింది చుక్కలతో కూడిన పూర్తి పేరు. హోస్ట్‌నేమ్ -ఎఫ్ అని కొడితే అదే రావాలి. ఏ పేరుకి ఏ ఐపీయో రాసి ఉండే హోస్ట్స్ ఫైల్‌లో లైను ఈ వరసలో ఉండాలి:

203.0.113.10 సర్వర్1.ఉదాహరణ.కామ్ సర్వర్1

ముందు ఐపీ, తర్వాత పూర్తి పేరు, చివర పొట్టి పేరు. పొట్టి పేరు ముందుకొస్తే హోస్ట్‌నేమ్ -ఎఫ్ కూడా పొట్టి పేరే ఇస్తుంది, ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు. డెబియన్, ఉబుంటులలో 127.0.1.1 తో మొదలయ్యే పాత లైను మిగిలి ఉందేమో కూడా చూసుకోవాలి. ఇంతా సరిచేశాక రీబూట్ కాగానే పాత పేరు మళ్ళీ వచ్చి కూర్చుందంటే అది క్లౌడ్ మెషీన్‌ని బూట్ అయ్యేటప్పుడు సిద్ధంచేసే క్లౌడ్-ఇనిట్ పని. దాని కాన్ఫిగ్‌లో ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్‌ని "ట్రూ" చెయ్యాలి. అక్క నొక్కి చెప్పిన ఇంకో మాట: రేపు అకౌంట్‌గా పెట్టబోయే డొమైన్‌నే హోస్ట్‌నేమ్‌గా పెట్టకండి. ఆ పేరుకొచ్చే మెయిల్ సర్వర్‌దో అకౌంట్‌దో తేలక తికమక అవుతుంది. దానికింద ఒక సబ్‌డొమైన్ చాలు.

పోర్ట్ 53 (పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్ వాడేది) దగ్గరి చిక్కు పట్టుకున్నదీ అక్కే. ఉబుంటులో సర్వర్ కోసం పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ 127.0.0.53 మీద ముందే కూర్చుని ఉంటుంది. అన్ని చిరునామాల మీదా 53 అడిగే డీఎన్‌ఎస్ సర్వర్‌కి చోటు దొరకదు. చాలామంది రిజాల్వ్‌డ్‌ని ఆపేస్తారు, దాంతో సర్వర్‌కే పేర్లు తెలియకుండా పోయి, ఇన్‌స్టాలర్ ఏ ప్యాకేజీనీ దించుకోలేదు. ఆపక్కర్లేదు. రిజాల్వ్‌డ్ కాన్ఫిగ్‌లో డీఎన్‌ఎస్‌స్టబ్‌లిజనర్‌ని "నో" చేసి, ఏ డీఎన్‌ఎస్‌ని అడగాలో చెప్పే రిజాల్వ్.కాన్ఫ్ లింకుని రన్ ఫోల్డర్ కింద సిస్టమ్‌డీ పెట్టుకున్న అసలు రిజాల్వ్.కాన్ఫ్ వైపు తిప్పి, అప్పుడు సర్వీస్ రీస్టార్ట్ చెయ్యాలి.

కొత్త మెషీన్ లేచిన మొదటి నిమిషాల్లో "కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తే లాక్ ఫైల్ చెరపొద్దని అరిచినంత పనిచేసిన తమ్ముడూ, నీకు ప్రత్యేకంగా. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్లు నడుస్తుంటాయి, మధ్యలో లాక్ తీసేస్తే ఏ ప్యాకేజీలు ఎక్కాయో రాసుకునే డీపీకేజీ డేటాబేస్ చెడిపోవచ్చు. క్లౌడ్-ఇనిట్ స్టేటస్‌కి వెయిట్ ఆప్షన్ ఇచ్చి అది ముగిసేదాకా ఆగాలి, ఆ తర్వాత కూడా ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ఏదైనా నడుస్తోందేమో పీఎస్ కమాండ్‌లో చూసుకుని మొదలుపెట్టాలి. ఇన్‌స్టాలర్‌ని కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని స్క్రీన్‌లోనో టీమక్స్‌లోనో నడపమన్నదీ నువ్వే. అలా కాకుండా నడిపినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌తో కలిపే కనెక్షన్) తెగితే సగంలో ఆగిన ప్యానెల్ మిగులుతుంది, దానిమీద మళ్ళీ నడిపితే ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో ఎవరూ చెప్పలేరు.

సగం ఎక్కినదాన్ని బాగుచేసే ప్రయత్నం మానండని అందరూ ఒకే గొంతుతో అన్నారు. నిజమే. సీప్యానెల్‌కి అయితే అన్‌ఇన్‌స్టాలరే లేదు, ఓఎస్ మళ్ళీ వేసుకోవడమే దారి. శుభ్రమైన ఓఎస్, పేరూ నెట్‌వర్కూ సరిచూసుకోవడం, ఒక స్నాప్‌షాట్ (మెషీన్ ఉన్నది ఉన్నట్టు తీసిన కాపీ), ఆ తర్వాతే ఇన్‌స్టాలర్. సెంటోస్ 7 ఓఎస్ గడువు 2024 జూన్ 30తో తీరిపోయింది, ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే దాని మిర్రర్ లిస్టు చిరునామా కూడా పనిచెయ్యదు. పాత గైడ్లు చూసి దానిమీద ఎక్కించబోతే ప్యాకేజీలు దించే యమ్ మొదటి అడుగులోనే ఆగుతుంది.

డిస్క్ క్వోటా (ఒక్కో అకౌంట్‌కి ఎంత చోటో అన్న పరిమితి) దగ్గర సాయం చేసినవారికి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో క్వోటా డిస్కు మౌంట్ అయ్యేటప్పుడే (తగిలించేటప్పుడే) ఆన్ కావాలి, రీమౌంట్‌తో రాదు. రూట్ పార్టిషన్ అయితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ ఫైల్ చదవకముందే రూట్ మౌంట్ అయిపోతుంది. ఓఎస్‌ని బూట్ చేసే గ్రబ్‌లోని కెర్నల్ లైనులో రూట్‌ఫ్లాగ్స్=యూక్వోటా చేర్చి, గ్రబ్ కాన్ఫిగ్ మళ్ళీ తయారుచేసి, రీబూట్ చెయ్యాలి. మౌంట్ కమాండ్‌లో "నోక్వోటా" పోయి "యూఎస్ఆర్‌క్వోటా" కనబడితే పని అయినట్టు. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో క్వోటా మాడ్యూలే ఉండకపోవచ్చు, అప్పుడు లినక్స్-ఇమేజ్-ఎక్స్‌ట్రా-వర్చువల్ ప్యాకేజీ వెయ్యాలి.

ప్యానెల్ ఎక్కినా పేజీ రాలేదంటే ఫైర్‌వాల్ రెండుచోట్ల ఉందని గుర్తుచేసినవారికి కూడా. సర్వర్ లోపలిది ఒకటి, ప్రొవైడర్ డాష్‌బోర్డ్‌లోది ఇంకొకటి. రెండింటిలోనూ ప్యానెల్ పోర్ట్ తెరవాలి: డబ్ల్యూహెచ్‌ఎం (సీప్యానెల్ అడ్మిన్ పేజీ) 2087, ప్లెస్క్ 8443, డైరెక్ట్‌అడ్మిన్ 2222, వర్చువల్‌మిన్ 10000, హెస్టియా 8083, సైబర్‌ప్యానెల్ 8090. వీటితోపాటు 80 కూడా తెరిచి ఉండాలి, సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, డొమైన్ మీదేనా అని చేసే హెచ్‌టీటీపీ పరీక్ష దానిమీదే జరుగుతుంది. డొమైన్‌కి పాత ఐపీవీ6 రికార్డు మిగిలి ఉంటే పరీక్ష ముందు అటే వెళ్తుంది, పాత మెషీన్ ఇంకా బతికుంటే అది ఇచ్చే 404 (పేజీ లేదు) జవాబుతో సర్టిఫికెట్ ఆగిపోతుంది. కారణం చూడకుండా బటన్ నొక్కుతూ పోవద్దు: ఒక పేరుకి గంటలో 5 సార్లు విఫలమైతే ఆ తర్వాత కాసేపు అడగనివ్వదు.

చివరగా, మెయిల్ సర్వర్లు చూసుకునే మిత్రుడికి. ప్యానెల్ అంతా పచ్చగా ఉంది, మెయిల్ మాత్రం క్యూలోనే పడి ఉంది. బయటి మెయిల్ సర్వర్ 25 పోర్ట్‌కి కనెక్షన్ కలుస్తుందో లేదో చూడడానికి టెల్‌నెట్ చేయించారు. "రిఫ్యూజ్డ్" అని వెంటనే రాకుండా టైమ్ అవుట్ దాకా వేలాడితే సాధారణంగా ప్రొవైడర్ దారి మూసినట్టే. చాలా క్లౌడ్ కంపెనీలు 25ని మొదట మూసే ఉంచుతాయి, టికెట్ వేసి తెరిపించుకోవాలి, లేదా 587 మీద రిలే (వేరే సర్వర్ ద్వారా మెయిల్ పంపడం) పెట్టుకోవాలి. రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) ప్యానెల్‌లో రాస్తే కుదరదు, అది ఐపీ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గరే మారాలి, అది ఇచ్చే పేరు మళ్ళీ అదే ఐపీకి రావాలి. రెండూ కలిశాక పంపిన మొదటి మెయిల్ హెడర్ తెరిచి, మెయిల్ అసలైన చోటు నుంచే వచ్చిందా అని చూసే పరీక్షల్లో ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్ అని లైను లైనుగా మీరే చదివి వినిపించారు. ఆ ఓపికకు మా అందరి తరఫునా కృతజ్ఞతలు.