కాకినాడకు వస్తున్న ఐపాడ్ గురించి

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్,
నవంబరు, ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. ఆ మాట అమ్మ నోట వినేవరకు నేను నమ్మను. మనవడు బడిలో డచ్ భాష బాగానే మాట్లాడుతున్నాడు, ఇంట్లో నా ఉచ్చారణను దిద్దుతున్నాడు కూడా. క్షేమ సమాచారం ఇంతటితో ఆపి అసలు సంగతికి వస్తాను.

ఐపాడ్ పంపుతున్నాను, మీ ఆంప్లిఫయర్‌కు తగిలించుకోండి అని నేను ఫోనులో అనగానే మీరు రెండు ప్రశ్నలు వేశారు. చెవుల్లో పెట్టుకుని బస్సులో వినే వస్తువు హాల్లోని పెద్ద స్పీకర్లను ఏం పలికిస్తుందన్నది మొదటిది. ఫోనులో పాటలను బ్లూటూత్‌లో వినవచ్చు కదా అని తమ్ముడు అంటున్నాడు, వాడి మాటలో తప్పేముందన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఫోనులో జవాబు చెప్పబోతే మీరు "సరే సరే, నీ ఇష్టం" అని అమ్మకు ఇచ్చేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వైర్లు తగిలించేటప్పుడు పక్కన ఉంచుకోవడానికీ పనికొస్తుంది.

ముందు వస్తువు గురించి. ఇది 160 జీబీ ఐపాడ్ క్లాసిక్. యాపిల్ వాళ్లు మొదటి ఐపాడ్‌ను 2001 అక్టోబరులో తెచ్చినప్పుడు దానిలో ఉన్నది 5 జీబీల జాగా. క్లాసిక్‌ను 2014లో ఆపేశారు, ఐపాడ్ పేరుతో మిగిలిన చివరి రకాన్ని 2022లో ఆపేశారు. జనం సొరుగుల్లోంచి తీసిన ఐపాడ్లు ఇక్కడి క్రింగ్‌లోప్ దుకాణాలకు, అంటే పాత సామాన్లు అమ్మేచోట్లకు చేరుతున్నాయి. నాకు దొరికినదాని లోపల తిరిగే డిస్కు అరిగిపోయింది. డిస్కు తీసి మెమరీ కార్డు పెట్టించాను, బ్యాటరీ కూడా కొత్తది. ఇప్పుడు దీనిలో కదిలే భాగం ఒక్కటీ లేదు. సిమ్ లేదు, వైఫై లేదు, ప్రకటనలు రావు, వింటుండగా బ్యాంకు వాళ్ల సందేశం మోగదు. నా దృష్టిలో దీని గొప్పతనంలో సగం అక్కడే ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. పాట ఐపాడ్‌లో అంకెల రూపంలో ఉంటుంది. సీడీ లెక్క ప్రకారం ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. ఎడమకూ కుడికీ విడివిడిగా కాబట్టి సెకనుకు 14,11,200 బిట్లు. ఈ అంకెలను స్పీకరుకు పనికొచ్చే విద్యుత్ తరంగంగా మార్చే భాగాన్ని డీఏసీ అంటారు. ప్రతి ఐపాడ్‌లోనూ చిన్న డీఏసీ, దాని వెనక చెవిగొట్టాల కోసం ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటాయి. బస్సులో వినడానికి అవి ధారాళంగా సరిపోతాయి. వాటినే మీ హాలుకు తగిలిస్తే మాత్రం చిన్న ఆంప్లిఫయర్ చేసిన పని మీద పెద్ద ఆంప్లిఫయర్ మళ్లీ పని చేయాలి. వాల్యూమ్ రెండుచోట్ల ఉంటుంది. ఇక్కడ తక్కువ పెట్టి అక్కడ పెంచితే బుసబుసమనే శబ్దమూ దానితో పాటే పెరుగుతుంది.

కాబట్టి ఐపాడ్ చేత ఆ మార్పిడి చేయించకుండా అంకెలను అంకెలుగానే బయటికి తెచ్చుకోవాలి. తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లు చేసిన మీకు ఇది వివరించడం తేలిక. ఐపాడ్ పోస్ట్‌మాన్, కవరు విప్పకుండా తెచ్చి ఇస్తుంది. విప్పి చదివేది ఆంప్లిఫయర్ పక్కన కూర్చునే విడి డీఏసీ పెట్టె, దాన్ని కూడా ఐపాడ్‌తో పాటే పంపుతున్నాను.

ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. ఐపాడ్ అడుగున ఉన్న 30 పిన్నుల సాకెట్ నుంచి మామూలు ధ్వనిని చాలాకాలం నుంచే తీసుకోగలిగేవారు గానీ, అంకెలను ఇవ్వడానికి యాపిల్ వాళ్లు ఒప్పుకునేవారు కాదు. 2008లో వాడియా అనే అమెరికా కంపెనీ 170 ఐట్రాన్స్‌పోర్ట్ అని ఒక పెట్టె తెచ్చింది. యాపిల్ అనుమతితో ఐపాడ్ నుంచి డిజిటల్ సంకేతాన్ని బయటికి తీసిన మొదటి పెట్టె అదే. ధర 379 డాలర్లు, ఐపాడ్ ధర కన్నా ఎక్కువ! తరువాత జపాన్‌కు చెందిన ఒంక్యో వాళ్లు ఎన్‌డీ-ఎస్1 తెచ్చారు. మీకు వస్తున్నది అదే, పాతదే, గీతలున్నాయి, పనికి లోటు లేదు. దాని మీద ఐపాడ్‌ను నిలబెడితే ఛార్జీ కూడా అవుతుంది. ఈ రభస ఏదీ లేకుండా అంతకు కొన్నేళ్ల ముందే కొరియాకు చెందిన ఐరివర్ హెచ్120 ప్లేయర్‌లోనే ఆప్టికల్ రంధ్రం పెట్టి అమ్మింది. మంచి వస్తువే, పేరు మాత్రం ఐపాడ్‌కు వచ్చింది.

ఒంక్యో పెట్టె వెనక రెండు దారులున్నాయి, కోయాక్సియల్ అనే రాగి తీగ దారి, ఆప్టికల్ అనే వెలుగు దారి. రెండింటిలోనూ నడిచేది ఒకే భాష, ఎస్‌పీడీఐఎఫ్. అందులో ఎస్ అంటే సోనీ, పీ అంటే ఫిలిప్స్. మీకు సరదాగా ఉంటుందని చెబుతున్నాను: ఫిలిప్స్ పుట్టిన ఊరు మేముంటున్న ఐండ్‌హోవెనే. 1979 మార్చి 8న సీడీని పత్రికల వాళ్లకు మొదటిసారి వినిపించింది ఈ ఊళ్లోనే. ఆ తరువాతే సోనీ వచ్చి కలిసింది, ఇద్దరూ కూర్చుని ఈ 44,100, 16 అనే లెక్కలు ఖాయం చేశారు, 1982లో సీడీ బజారుకు వచ్చింది. మీ బీరువాలో ఉన్న క్యాసెట్లు కూడా వీళ్ల సృష్టే, 1963లో బెల్జియంలోని హాసెల్ట్‌లో ఉన్న వీళ్ల కర్మాగారంలో రూపొందాయి. ఇంటి దగ్గర మన సంగీతమంతా ఈ ఊరి వాళ్ల పెట్టెల్లోనే దాచుకున్నామన్నమాట.

మీకు నేను ఆప్టికల్ దారినే ఎంచాను. కారణం మన ఇంట్లో టీవీ పెట్టెను ఆంప్లిఫయర్‌కు కలిపిన రోజున మొదలైన గుయ్‌మనే మోత. రెండు పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్ అయి, మధ్యలో రాగి తీగతో కలిస్తే ఆ తీగలోంచి సన్నని కరెంటు పారుతుంది. మోతగా వినిపించేది అదే. ఆప్టికల్ వైరులో రాగి ఉండదు, ప్లాస్టిక్ పోగులోంచి ఎర్రటి వెలుగు వెళ్తుంది, కరెంటుకు దారే లేదు. తొషిబా వాళ్లు 1983లో తెచ్చిన పద్ధతి ఇది, దాని పేరు మీదే టాస్‌లింక్ అంటారు. వైరు చివర చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, తీసి గుచ్చండి. మూల మలుపులో మరీ మడవకండి, లోపలి పోగు దెబ్బతింటుంది. డీఏసీకి రెండు ఆప్టికల్ రంధ్రాలున్నాయి కాబట్టి రెండోదానికి టీవీని కలపండి. వార్తల మోత కూడా వదిలిపోతుంది.

డీఏసీ నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చేచోట కొంచెం చిక్కుంది. మీ ఆంప్లిఫయర్ వెనక ఎరుపు తెలుపు రంధ్రాలు లేవు, గుండ్రంగా అయిదు పిన్నుల సాకెట్లున్నాయి. తమ్ముడు పంపిన ఫోటోను ఇక్కడి రిపేర్ కేఫేకు తీసుకెళ్లాను. పాడైన వస్తువులు పట్టుకెళ్తే తెలిసినవాళ్లు మన పక్కనే కూర్చుని ఉచితంగా బాగు చేయిస్తారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పద్ధతి, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. అక్కడ డెబ్బై దాటిన ఒక ఇంజనీరు గారు ఫోటో చూడగానే నవ్వారు. అది జర్మన్ల డిన్ సాకెట్ అట, ఆయన కుర్రతనంలో ఇళ్లన్నిటా అవే ఉండేవట. మూడో పిన్ను ఎడమ, అయిదో పిన్ను కుడి, రెండోది ఎర్త్ అని కాగితం చూడకుండానే చెప్పి, నా చేతనే టంకం పెట్టించారు.

ఆయన ఇంకో మాట చెప్పారు. ఇప్పటి డీఏసీలు సుమారు 2 వోల్టుల సంకేతం ఇస్తాయి. అప్పటి ఆంప్లిఫయర్లు అందులో పదో వంతుకే నిండిపోయేవి. నేరుగా కలిపితే వాల్యూమ్ మీట కొద్దిగా తిప్పగానే గోల పుడుతుంది, గట్టి స్వరాలు పగిలినట్టు వినిపిస్తాయి. అందుకని వైరు చివరనే ఒక్కో వైపుకు రెండేసి రెసిస్టర్లు పెట్టి సంకేతాన్ని తగ్గించాం. నల్లటి గొట్టం లావుగా కనిపించే భాగం అదే, తమ్ముడు విప్పి చూడబోతాడు, చూడనివ్వకండి. వైరును టేప్ అని ఉన్న సాకెట్‌లో పెట్టండి. ఫోనో అని ఉన్నదానిలో పెట్టవద్దు. గ్రామఫోను రికార్డులో మంద్రాన్ని తగ్గించి, తారను పెంచి చెక్కుతారు. ఫోనో దారి దాన్ని తిరగేసి, పైగా ఎన్నో రెట్లు పెంచుతుంది. మన పాట అందులోకి వెళ్తే చెవులకూ స్పీకర్లకూ చేటు.

తమ్ముడి ప్రశ్నకు జవాబు కొంచెం ఓపికగా చెప్పాలి. బ్లూటూత్‌లో వెళ్లే పాటను ముందు కుదిస్తారు, అంటే చెవికి పెద్దగా పట్టదనుకున్న వివరాలను తీసేస్తారు. వాడి ఫోనులో ఉన్న పాటలు అప్పటికే ఒకసారి కుదించిన ఎంపీ3లు. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే తంబుర నాదం, తాళాల చివరి మోత ముందుగా నలుగుతాయి. నేను మీ సీడీలను ఆపిల్ లాస్‌లెస్ పద్ధతిలో దాచాను. ఇందులోనూ జాగా తగ్గుతుంది గానీ ఒక్క బిట్టు కూడా పోదు. ఫ్లాక్ అనే ఇంకో పద్ధతి ఎక్కువ ప్రచారంలో ఉంది, అయితే ఐపాడ్ దాన్ని చదవదు. సీడీలోంచి తీసేటప్పుడు, అదే సీడీని తీసుకున్న ఇతరుల లెక్కతో సరిపోల్చే ప్రోగ్రాము వాడాను. గీతలు పడిన ఒకటి రెండు తప్ప అన్నీ సరిపోయాయి. ఇప్పటికి సగం జాగా కూడా నిండలేదు.

మరి తేడా ఎంత అంటారా? మీకు అతిశయోక్తి నచ్చదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. వాల్యూమ్ సమానంగా పెట్టి, మీ అల్లుడి చేత వైర్లు మార్పిస్తూ, ఏది ఏదో తెలియకుండా విన్నాను. చెవిగొట్టాల రంధ్రం నుంచి తీసినదానికీ డిజిటల్‌కూ తేడా స్పష్టంగా తెలిసింది. నాదస్వరం ఆగి డోలు ఒక్కటే మెల్లగా నడిచేచోట వెనక నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది. అడుగున సాకెట్ నుంచి తీసే మామూలు ధ్వనికీ డిజిటల్‌కూ తేడా మాత్రం స్వల్పం. కొన్నిసార్లు చెప్పలేకపోయాను. ఆడియో పత్రికల వాళ్లు ఆకాశానికెత్తినంత ఏమీ లేదు. అయినా నేను డిజిటల్ వైపే మొగ్గాను: మోత పోతుంది, వాల్యూమ్ మీట ఒక్కటే అవుతుంది, రేపు ఐపాడ్ పాడైతే దాని స్థానంలో ఇంకేది పెట్టినా డీఏసీ మీ దగ్గరే ఉంటుంది.

క్యాసెట్ల విషయం వేరు. తాతయ్య పద్యాల క్యాసెట్లు కిందటిసారి తెచ్చుకుని ఎక్కించాను. అందులోని సుయ్‌మనే శబ్దం అలాగే ఉంది. దాన్ని తీసే ప్రోగ్రాములున్నాయి, వాడి చూశాను, దానితో పాటు తాతయ్య ఊపిరి కూడా పోతోంది. అందుకని ముట్టుకోలేదు. చినమౌలానా గారి నాదస్వరం, ద్వారం వారి వయొలిన్ విడివిడి వరుసల్లో పెట్టాను. పేర్లన్నీ తెలుగులోనే రాశాను.

వాడకం కష్టం కాదు. నడుమ ఉన్న చక్రం మీద వేలు గుండ్రంగా తిప్పితే పేర్లు జరుగుతాయి, మధ్య మీట నొక్కితే పాడుతుంది. ఐపాడ్‌లో వాల్యూమ్ ఎంత పెట్టినా ఫలితం ఉండదు, కంగారు పడకండి. అంకెలు వెళ్లేటప్పుడు దానికి పని లేదు. ఆంప్లిఫయర్ మీటనే తిప్పాలి. మొదటిసారి పూర్తిగా తగ్గించి ఉంచి, మెల్లగా పెంచండి.

సామానంతా మా పక్కింటి వాళ్లు తెస్తున్నారు, సంక్రాంతికి ముందే రాజమండ్రి వస్తున్నారు, అక్కడి నుంచి తమ్ముడు తెచ్చుకుంటాడు. తిరుగు ప్రయాణంలో వాళ్ల చేతికి మిగిలిన హరికథ క్యాసెట్లు ఇవ్వండి. కాగితం చుట్టి, టీవీకీ స్పీకర్లకూ దూరంగా ఉంచండి. పచ్చళ్ల సీసాల పక్కన పెట్టవద్దని అమ్మకు మరీ మరీ చెప్పండి.

తగిలించే రోజు ముందుగా చెబితే నేను వీడియోలో ఉంటాను. తమ్ముడిని ఆంప్లిఫయర్ వెనక టార్చి పట్టుకోమనండి.

ఇట్లు,
మీ అమ్మాయి.

తా.క. ఇక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు. ప్లగ్గు పిన్నులు మాత్రం సన్నగా ఉంటాయి, మన సాకెట్‌లో వదులుగా కూర్చుని మెరుపులు రావచ్చు. అడాప్టర్లు సంచిలోనే పెట్టాను, అవి వాడండి.