తయారైన ఏడాది చూసి బీఎస్ తేల్చేస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

పాత డీజిల్ బళ్ల పొగ పరీక్షల మీద గత వారం మీరు వేసిన వార్తలో 2010 ఏప్రిల్ తర్వాతి బళ్లన్నీ బీఎస్-4 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బళ్ల పొగకి పెట్టిన ప్రమాణం) అని రాశారు. తప్పు. ఆ ఏప్రిల్‌లో బీఎస్-4 వచ్చింది హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకే. దేశమంతటా ఒకే ప్రమాణం 2017 ఏప్రిల్‌కి గానీ రాలేదు.

బొలేరోనే తీసుకోండి. పేరు ఒకటే, 2,523 సీసీ ఒకటే. బీఎస్-3 డీఐ ఇంజిన్‌కి మెకానికల్ పంపు, బీఎస్-4 ఎం2డీఐసీఆర్ ఇంజిన్‌కి కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చే ఒకే పైపు. పాత పంపు బండిలో ఒక సిలిండర్ సరిగా మండకపోతే ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కోటీ వదులు చేసి, శబ్దం మారని సిలిండర్‌ని పట్టుకుంటారు. అదే పని కామన్ రైల్ మీద చేస్తే చేతికే ప్రమాదం. లోడు మీద ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, చిమ్మిన డీజిల్ తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకూ (మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి) నాలుగు సీసాలు తగిలించి, ఏది ముందు నిండుతుందో చూడాలి. ముందు నిండిన సీసా ఏ ఇంజెక్టర్‌దో అది అరిగిపోయినట్టు.

పరీక్షలోనూ అంతే తేడా. పొగ సాంద్రత బీఎస్-3 డీజిల్‌కి 65 హెచ్ఎస్‌యూ (పొగ ఎంత చిక్కగా ఉందో కొలిచే యూనిట్) దాకా చెల్లుతుంది, బీఎస్-4కి 50 దాటకూడదు. 58 వచ్చిన బీఎస్-3 బండిని ఏడాది చూసి బీఎస్-4 కింద రాస్తే ఫెయిల్. ఓనరు బాగున్న నాజిళ్లు పీకించి కొత్తవి వేయిస్తాడు, పొగ తగ్గదు, డబ్బు పోతుంది. బీఎస్-4 బండిని బీఎస్-3 కింద రాస్తే ఆ పొగంతా ఊరు పీల్చాలి. పెట్రోలు కార్లకీ ఇదే గొడవ: ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితి 0.5 శాతమా, 0.3 శాతమా అన్నది ఏడాదిని బట్టి కాదు, ప్రమాణాన్ని బట్టి.

ఏ బండి ఏ బీఎస్ అన్న సంగతి రవాణా ఆఫీసులో లేక కాదు. బండి అమ్మేటప్పుడు కంపెనీ ఇచ్చిన ఫారం 22 (బండి ప్రమాణాలకి తగ్గట్టు ఉందన్న పత్రం) రిజిస్ట్రేషన్ ఫైల్లోనే ఉంటుంది. అంతా కంప్యూటర్లో ఎక్కించామంటారు, లైఫ్ ట్యాక్సు ముందే కట్టించుకుంటారు, పాత ఆర్‌సీ మీద బీఎస్ ఎంతో ఒక్క ముక్క ఎక్కించడానికి మాత్రం ఇన్నేళ్లూ చేతులు రాలేదు. రవాణా శాఖలో అడిగితే పరీక్ష కేంద్రానికి వెళ్లమంటారు, కేంద్రంలో అడిగితే ఆర్‌సీ చూపించమంటారు. స్పేర్ పార్టుల కౌంటర్లో కూడా మోడలూ ఏడాదీ చెబితే ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేస్తున్నారు. ఇంజిన్ నంబరు అడిగేవాళ్లు తగ్గిపోయారు.

మీ వార్త చదివి పరీక్షకి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి సవరణ వేయండి, అదీ లోపలి పేజీలో మూలన కాకుండా వార్త వచ్చిన చోటే.

– డీజిల్ మెకానిక్, సూర్యాపేట