చివరి భూములకు నీరు అందకపోతే

సంపాదకులకు నమస్కారం.

మా ఆయన ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు–మాచర్ల రూటులో ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంతో చార్టు చూడకుండా చెప్పేవారు. అలాంటి మనిషి రెండేళ్ల కిందట కూరగాయల బండి దగ్గర 200 నోటిచ్చి, తిరిగొచ్చిన చిల్లర అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. లెక్క తెగలేదు. బండివాడు నవ్వాడు, పక్కనున్న నేనూ నవ్వాను. "రిటైరయ్యాక బుర్ర తుప్పుపట్టింది" అని కూడా అన్నాను.

పేర్లు మర్చిపోలేదు, మనవళ్ల పుట్టినరోజులూ గుర్తే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది, నడిస్తే కాళ్లు ఈడ్చేవారు. సంక్రాంతికి ఆయన పరిస్థితి ఒక మెట్టు దిగజారింది, కొన్నాళ్లు అలాగే ఉన్నారు, ఎండాకాలంలో ఇంకో మెట్టు. ఎమ్మారై తీశాక డాక్టరు తెల్లమచ్చలు చూపించారు. మాకెవరికీ తెలియకుండా వచ్చిపోయిన చిన్నచిన్న స్ట్రోకులట. వాస్క్యులర్ డిమెన్షియా అన్నారు, అంటే మెదడుకు రక్తం సరిగా అందక ఆలోచన మందగించే జబ్బు.

ఒంటి బరువులో మెదడు 2 శాతమే. ఒళ్లంతా వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం ఐదో వంతు దానికే కావాలి. నిల్వ పెట్టుకోవడం దానికి చేతకాదు. లోపలికి వెళ్లే రక్తనాళాలు వెంట్రుకంత సన్నవి, బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే గట్టిపడి పూడిపోతాయి. సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసిన ఇంటి ఆడపిల్లను, ఇది నాకు ఇట్టే అర్థమైంది. నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి భూములే.

మా ఇంట్లో జరిగిన తప్పు కూడా చెప్తాను. "బీపీ నార్మల్‌కొచ్చింది, ఇంకా బిళ్ళలెందుకు" అని ఆయనే మూడేళ్లు మానేశారు. నార్మల్‌కొచ్చింది ఆ బిళ్ళల వల్లేనని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మీ ఆరోగ్యం పేజీలో డిమెన్షియా అంటే అల్జీమర్స్ ఒక్కటే అన్నట్టు రాస్తుంటారు. దాని తర్వాత ఎక్కువగా కనిపించేది మా ఆయనకొచ్చిన ఈ వాస్క్యులర్ డిమెన్షియానే. అల్జీమర్స్‌లోనూ మెదడుకు రక్తం తగ్గుతుంది, కాకపోతే అది జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చిందా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. 2019లో అమెరికాలో వెలువడిన స్ప్రింట్ మైండ్ అనే పరిశోధన ఫలితాల్లో, పై బీపీని 140 లోపు కాకుండా 120 లోపు ఉంచడానికి మందులిచ్చిన వాళ్లలో, జ్ఞాపకం, ఆలోచన తొలిదశలో మందగించడం తక్కువగా కనిపించింది. అది డిమెన్షియాగా మారడం విషయంలో తేడా అంత గట్టిగా రుజువు కాలేదు. అలాగని ఎవరూ సొంతంగా డోసు పెంచుకోవద్దు. బీపీ మరీ పడిపోయి బాత్రూంలో తూలిపడ్డ పెద్దవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఏఎన్ఎమ్‌లు బీపీ చూసేటప్పుడు చిల్లర లెక్క, నడక గురించి కూడా ఒక మాట అడిగితే బాగుంటుంది. బిళ్ళలిచ్చే కవరు మీద "బీపీ తగ్గినా డాక్టరు చెప్పందే మానొద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చినా చాలు.

– ఒక రిటైర్డ్ కండక్టరు భార్య, సత్తెనపల్లి