కీ దిద్దండి, ఆ అమ్మాయి మార్కు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

జాతీయ గణిత దినోత్సవం నాడు మీ జిల్లా పేజీలో ‘అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికింది, దీన్ని మించింది లేదు’ అని వేశారు. సవరణ వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మించింది లేకపోవడం ఏమిటండీ! ఒకటి కన్నా పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్యే ప్రధాన సంఖ్య. ఇలాంటి సంఖ్యలకు అంతు లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించాడు. మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలపండి. వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. అంటే మీ జాబితాలో లేనిది ఇంకొకటి ఉండి తీరాలి. హైస్కూలు పిల్లలకు అర్థమయ్యే సంగతి ఇది.

2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్ కనుగొన్నది, ఇప్పటికి తెలిసినవాటిలో పెద్దది. రెండును 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. మొత్తం 4,10,24,320 అంకెలు. మీ పేపర్లో పేజీకి ఇరవై వేల అంకెలు పట్టించినా రెండు వేల పేజీలు దాటుతుంది. అలాంటిదాని గురించి రాస్తూ, బహుమతి సొమ్ముకు ఇచ్చిన చోటు లెక్కకు ఇవ్వలేదు.

అంతకన్నా బాధ పెట్టింది మా మండలంలో అదే వారం జరిగిన ప్రతిభా పరీక్ష. రెండును పదకొండు సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 2047 ప్రధాన సంఖ్యా అని అడిగారు. జవాబుల కీలో ‘అవును’ అని ఉంది, 11 ప్రధాన సంఖ్య కాబట్టి అట. ఈ రకం సంఖ్య ప్రధానం కావాలంటే పైనున్న ఘాతం, అంటే రెండును ఎన్నిసార్లు వేశామో ఆ సంఖ్య, ప్రధాన సంఖ్య అయి ఉండాలి, నిజమే. కానీ ఘాతం ప్రధానమైనంత మాత్రాన చాలదు. మా ఊరి తొమ్మిదో తరగతి అమ్మాయి ‘కాదు’ అని రాసి, పక్కన భాగహారం చేసి చూపింది. ఇరవైమూడు ఎనిమిదులు 184, మిగిలిన 20 పక్కన 7 దింపితే 207, ఇరవైమూడు తొమ్మిదులు 207, శేషం సున్నా. 23ను 89తో గుణిస్తే 2047. ఆ పిల్లకు మార్కు కోసేశారు!

1644లో ఫ్రెంచి గణితవేత్త మెర్సెన్ ఘాతం 67 ఉన్న ఈ రకం సంఖ్యను ప్రధానమని పొరబడ్డాడు. ఆ ఇరవై ఒక్క అంకెల సంఖ్యను అమెరికా గణితవేత్త కోల్ 1903లో రెండు కారణాంకాలుగా విడగొట్టి చూపాడు. అది పెద్ద లెక్క. ఇక్కడ నాలుగంకెల సంఖ్యను ఒకసారి భాగించి చూసేవారే లేకపోయారు.

అడిగితే ‘కీ పైనుంచి వచ్చింది, మార్చడం కుదరదు’ అన్నారు. పైన ఎవరో చెప్పరు. గైడ్ల నుంచి ప్రశ్నలు ఎత్తి రాయడం, సరిచూడకుండా పంపడం మామూలైపోయింది. టీచర్లకేమో యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంతోనే సరిపోతోంది, పాఠానికి టైం ఎక్కడిది? విద్యలనగరం అని గొప్పగా చెప్పుకొనే జిల్లా మనది. ఒప్పు రాసినందుకు మార్కు పోతే ఆ పిల్లలు రేపు లెక్క చేసి చూస్తారా, కీ బట్టీ పడతారా?

మీరు మీ వార్తకు సవరణ వేయండి. పరీక్ష పెట్టినవారు కీ మార్చి, ‘కాదు’ అని రాసిన పిల్లలందరికీ ఆ మార్కు కలిపి జాబితా మళ్లీ ప్రకటించాలి.

– రిటైర్డ్ లెక్కల మాస్టారు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా