రూపాబాయి పాఠం కోసం: పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తున్నాను. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ గురించి ఒక పూర్తి పాఠం పెట్టించండని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆమె మన హైదరాబాద్ మనిషి, పార్సీ ఇంటి అమ్మాయి. తర్వాతి కాలంలో ఉస్మానియా మెడికల్ కాలేజీ అయిన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరిన అయిదుగురు ఆడపిల్లల్లో ఒకరు. 1889లో చదువు పూర్తి చేశారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్ ఆమేనని వైద్య చరిత్ర రాసినవాళ్లు చాలామంది చెప్తారు.

ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు ఒక అమ్మాయి, “మత్తు డాక్టరంటే ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లిపోతారు కదా మేడమ్, అందులో గొప్పేముంది?” అంది. ఆ పిల్లను ఏమనగలం? ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే అందరం టెన్షన్ పడతాం, సర్జన్ ఎవరని పదిసార్లు వాకబు చేస్తాం. మత్తు ఇచ్చేదెవరని అడిగేవాళ్లు ఎంతమంది?

రూపాబాయి రోజుల్లో ఆ పని ఎలా ఉండేదో పిల్లలకు తెలియాలి. రోగి ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ తొడుగు పెట్టి దాని మీద క్లోరోఫాం వేసేవారు. పక్కన మానిటర్ ఉండదు. ఛాతీ లేస్తోందా, ఊపిరి చప్పుడు మారిందా అని కన్నార్పకుండా చూస్తూ, చెవులు రిక్కించి వింటూ ఉండాలి. మందు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. తక్కువైతే కత్తి కింద ఉన్న మనిషికి మెలకువ వచ్చేస్తుంది. పరాయి మగవాడి ముందుకు రావడానికే ఒప్పుకోని పరదా ఇళ్ల ఆడవాళ్లకు, స్పృహ లేనంతసేపూ తల దగ్గర ఒక డాక్టరమ్మ ఉండటం ఎంత ధైర్యమో వేరే చెప్పాలా!

క్లోరోఫాంతో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండా, ఊపిరా? అప్పట్లో ప్రపంచ వైద్యులంతా వాదులాడుకున్న ప్రశ్న ఇది. దీన్ని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా, మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చారు. కుక్కలు, కోతుల మీద వందల ప్రయోగాలు జరిగాయి. ఆ పనిలో రూపాబాయి కూడా పాలుపంచుకున్నారు.

ముందు ఊపిరే ఆగుతుంది, దాన్నే కనిపెట్టుకుని ఉండాలి అని కమిషన్ తేల్చింది. అయితే మత్తు పలచగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం గుండె లయను దెబ్బతీసి ఆపేయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చూపించారు. దయచేసి పాఠంలో ఈ సంగతి దాచొద్దు. పెద్దలు అంత శ్రమపడి తేల్చినదాన్ని కూడా తర్వాతివాళ్లు సరిదిద్దారని తెలిస్తేనే పిల్లలకు సైన్సు ఎలా నడుస్తుందో అర్థమవుతుంది.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం 1909 నాటి సంగతి. రూపాబాయికి పట్టా చేతికొచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు. మత్తుమందుకంటూ ప్రత్యేకమైన కోర్సు లేదు. ఆవిరి, మోతాదు, వాయువుల తీరు లోతుగా తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు చదవాల్సిందేనని ఆమె ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఫిజిక్సు మాకెందుకు మేడమ్, మేం డాక్టర్లం అవుతాం కదా అనే పిల్లలు మా బడిలో ఏటా ఉంటారు. వాళ్లకు నేను చెప్పగల జవాబుల్లో ఇంతకంటే మంచిది లేదు.

ఆమె పేరు పేజీ మూలన పెట్టెలో ‘తొలి మహిళ’ అని ఒక్క ముక్క వేసి వదిలేస్తే ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతుంది. శ్వాసక్రియ పాఠం పక్కనే ఆమె కథ రావాలి. పిల్లలు జంటలుగా కూర్చుని ఒకరి ఊపిరిని ఒకరు నిమిషంపాటు లెక్కపెట్టే కృత్యం ఉండాలి. రాసేటప్పుడు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లతో పాటు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోని మత్తు డాక్టర్లనూ కూర్చోబెట్టండి.

పుస్తకం మారడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా నాలుగు పేజీల అదనపు పాఠంగానైనా అన్ని ఉన్నత పాఠశాలలకూ పంపించే ఏర్పాటు చేయగలరని మనవి.

భవదీయురాలు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, హైదరాబాద్